ఎక్కడెక్కడి వాళ్ళో కట్టిన రాజధాని

వాషింగ్టన్ చూడని తెలుగు కుటుంబం అమెరికాలో ఉండదనుకుంటాను. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చారంటే నయాగరా తరవాత వంతు దీనిదే. పులిహోరా, పెరుగన్నం కట్టుకుని తెల్లారకుండానే వ్యానులో బయల్దేరతాం. కేపిటల్ భవనం, వైట్‌హౌస్, వాషింగ్టన్ స్తంభం, లింకన్ మెమోరియల్ - ఒక్కొక్కదాని ముందూ వరసగా నిలబడి ఫొటోలు తీసుకుంటాం. చీకటి పడేవేళకి తిరుగుముఖం పడతాం. ఆ తెల్లటి కట్టడాలు చూస్తుంటే ఏ గొడవా లేకుండా మయుడు వచ్చి ఒక్క రాత్రిలో కట్టి తాళాలు అప్పగించి వెళ్ళినట్టు అనిపిస్తుంది.

అసలు సంగతి వేరు. వీటిలో ఏ ఒక్కటీ తిన్నగా సాగలేదు. ప్రతి కట్టడం వెనకా ఒక తగాదా ఉంది, మధ్యలో ఆగిపోయిన పని ఉంది, డబ్బు చాలని రోజులున్నాయి. అంతకన్నా ఆశ్చర్యమేమిటంటే, ఈ దేశానికి ముఖంలాంటి ఈ నగరంలో చాలా భాగం బయటినుంచి వచ్చినవాళ్ళ పని. కొందరు మనలాగే ఇష్టపడి వచ్చినవాళ్ళు. కొందరు సంకెళ్ళతో తెచ్చినవాళ్ళ పిల్లలు. ఇరవై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కలే సివిల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. గైడ్లు తొందరలో వదిలేసే ఆ సంగతులు కొన్ని మన సావనీరు పాఠకులతో పంచుకుందామని ఈ ప్రయత్నం.

పోటోమాక్ నది ఒడ్డున రాజధాని కట్టాలని కాంగ్రెసు 1790 జూలైలో చట్టం చేసింది. మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాల నుంచి పదేసి మైళ్ళ భుజాలతో ఒక చతురస్రం తీసుకున్నారు. (వర్జీనియా వైపు ముక్కని 1846లో తిరిగి ఇచ్చేశారు. అందుకే ఇప్పుడు మ్యాపులో కొరికిన అరిసెలా కనిపిస్తుంది.) సరిహద్దుల సర్వే ఆండ్రూ ఎలికాట్ చేశాడు. మొదటి నెలల్లో నక్షత్రాలని చూసి లెక్కలు కట్టే పనిలో అతనికి సాయపడినవాడు బెంజమిన్ బానెకర్. స్వతంత్రుడైన నల్లజాతి రైతు, సొంతంగా ఖగోళశాస్త్రం నేర్చుకున్నవాడు. నగరం ప్లాను మొత్తం ఆయన జ్ఞాపకం నుంచి తిరిగి గీశాడని ఒక కథ ప్రచారంలో ఉంది గానీ దానికి ఆధారం లేదు. చేసిన పనే గొప్పది, దానికి కథ అతికించక్కర్లేదు.

ప్లాను గీసింది పియేర్ లాంఫాన్. 1754లో పారిస్‌లో పుట్టాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడటానికి 1777లో వచ్చాడు. మన గుడి ఊళ్ళలో దేవుడి చుట్టూ నాలుగు మాడవీధులు పెట్టి ఊరంతా దానికి కట్టినట్టు, ఆయన ముందు రెండు స్థానాలు నిర్ణయించాడు - గుట్టమీద కాంగ్రెసు, దానికి మైలుమీద ప్రెసిడెంటు ఇల్లు. రెంటినీ కలుపుతూ పెన్సిల్వేనియా ఎవెన్యూ. నిలువు, అడ్డ వీధుల గళ్ళు గీసి, వాటిని ఐమూలగా కోస్తూ వెడల్పాటి ఎవెన్యూలు లాగాడు. కారు నడుపుతూ అక్కడి సర్కిళ్ళలో దారి తప్పిన ప్రతివాడూ తిట్టుకునేది ఈయన్నే.

ఆయన పట్టుదల మనిషి. తన ఎవెన్యూకి అడ్డొచ్చిందని డేనియల్ కారల్ అనే పెద్ద భూస్వామి కట్టుకుంటున్న ఇంటిని 1791లో కూలగొట్టించాడు. పైవాళ్ళ మాట వినడు, ప్లాను అచ్చుకి ఇవ్వడు. 1792 ఫిబ్రవరిలో ఉద్యోగం ఊడింది. తనకు రావలసిన డబ్బు కోసం ఏళ్ళతరబడి కాంగ్రెసు చుట్టూ తిరిగి, 1825లో మేరీలాండ్‌లో ఒక స్నేహితుల పొలంలో పేదవాడిగా పోయాడు. ఎనభైనాలుగేళ్ళ తరవాత, 1909లో, అవశేషాలు తవ్వి తీసి, కేపిటల్ భవనంలో గుమ్మటం కింద గౌరవంగా ఉంచి, ఆర్లింగ్టన్ గుట్టమీద మళ్ళీ సమాధి చేశారు. అక్కణ్ణించి చూస్తే ఊరంతా కనిపిస్తుంది.

ఇక కేపిటల్ భవనం. 1792లో డిజైనుకి పోటీ పెట్టారు. బహుమతి 500 డాలర్లు, ఊళ్ళో ఒక ఇంటిస్థలం. వచ్చినవేవీ వాషింగ్టన్‌కీ, జెఫర్సన్‌కీ నచ్చలేదు. గడువు దాటాక ఒక డిజైను వచ్చింది. పంపినవాడు విలియం థార్న్‌టన్. బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో పుట్టి, ఎడిన్‌బరోలో వైద్యం చదివి, 1788లో అమెరికా పౌరుడైన డాక్టరు! కట్టడాల శాస్త్రం పుస్తకాలు చూసి నేర్చుకున్నదే. అదే గెలిచింది. 1793 సెప్టెంబరు 18న వాషింగ్టన్ చేతిమీదుగా శంకుస్థాపన జరిగింది.

రెండో స్థానంలో వచ్చిన స్టీఫెన్ హాలెట్ ఫ్రెంచివాడు, వృత్తిరీత్యా ఆర్కిటెక్టు. డాక్టరుగారి ప్లాను అమలుచేసే పని అతనికే అప్పగించారు. ఓడిపోయినవాడికి గెలిచినవాడి కాగితాలు ఇస్తే ఏమవుతుందో అదే అయింది. మెట్ల దగ్గర తల తగులుతుందనీ, కొన్ని గదులకి గాలీ వెలుతురూ రావనీ తప్పులు పట్టి, ప్లానునే మార్చడం మొదలుపెట్టాడు. అతన్ని తీసేశారు. తరవాత వచ్చిన జార్జి హాడ్‌ఫీల్డూ నిలవలేదు. 1803లో వచ్చిన బెంజమిన్ లాట్రోబ్ ఇంగ్లండు నుంచి వచ్చిన గట్టి ఇంజనీరు. ఆయనకీ థార్న్‌టన్‌కీ పేపర్లకెక్కేంత వైరం. మా ఆవిడ డాక్టరు. ఈ కథ విన్నప్పటినుంచీ, "ఒక డాక్టరు వేసిన ప్లాను అర్థంచేసుకోడానికి ముగ్గురు నిపుణులు కావాల్సొచ్చిందన్నమాట" అంటూంటుంది. కట్టవలసినవాడి కష్టం తనకేం తెలుసని నేనంటాను. ఇది తేలే తగువు కాదు.

1814 ఆగస్టులో బ్రిటిష్ సైన్యం వచ్చి కేపిటల్ భవనాన్నీ, వైట్‌హౌస్‌నీ తగలబెట్టింది. అప్పుడు పేటెంట్ ఆఫీసు అధికారిగా ఉన్న థార్న్‌టన్ సైనికుల దగ్గరకి వెళ్ళి, అందులో ఉన్నవి లోకమంతటికీ పనికొచ్చే యంత్రాల నమూనాలని నచ్చజెప్పి ఆ ఒక్క భవనాన్నీ కాపాడాడు. వైట్‌హౌస్ కాలిపోయాక ప్రెసిడెంట్ మాడిసన్ తలదాచుకున్న ఆక్టగన్ ఇల్లు కూడా థార్న్‌టన్ డిజైనే. మొదటిసారి వైట్‌హౌస్ కట్టినవాడూ, కాలిపోయాక మళ్ళీ కట్టినవాడూ జేమ్స్ హోబన్. ఐర్లండ్‌లో వడ్రంగం నేర్చుకుని వచ్చినవాడు.

మా మామగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని తీసుకెళ్ళి ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే, ఓపిగ్గా విని, "ప్లాను వేసినాయన పేరు చెప్పారు, బాగానే ఉంది. మేస్త్రీ ఎవరండీ?" అని అడిగారు. తాజ్‌మహల్ విషయంలో శ్రీశ్రీ వేసిన ప్రశ్న తెలుగువాళ్ళకి కొత్త కాదు. దానికి ఇక్కడ జవాబు కొంతవరకూ దొరుకుతుంది, జీతాల కాగితాలు మిగిలాయి కనుక.

ఈ రెండు భవనాలకీ రాయి వర్జీనియాలోని అక్వాయా క్రీక్ గనుల నుంచి పడవల మీద వచ్చింది. తవ్వినవాళ్ళలో చాలామంది నల్లజాతి బానిసలు. యజమానులు వాళ్ళని ప్రభుత్వానికి అద్దెకిచ్చారు. నెలకి సుమారు 5 డాలర్లు. డబ్బు యజమానికి, పని బానిసకి. వైట్‌హౌస్ వడ్రంగుల జాబితాలో హోబన్ సొంత బానిసల పేర్లే ఉన్నాయి - పీటర్, బెన్ అంటూ. ఇంటిపేర్లుండవు. అంత చదువుకున్న థార్న్‌టన్ డాక్టరు రాబడి కూడా దీవుల్లో బానిసలు పనిచేసే చెరకు తోట మీదదే. బానిసత్వం పోవాలని పథకాలు రాస్తూనే ఆ డబ్బు మీద బతికాడు. గొప్పవాళ్ళని పొగిడేటప్పుడు ఈ మాట మింగెయ్యకూడదు.

ఇంటిపేరుతో సహా మనకి తెలిసిన ఒక మనిషి కథ ఉంది. ఇప్పుడు మనం చూసే గుమ్మటం మొదటిది కాదు. పాత చెక్క గుమ్మటం తీసేసి, థామస్ వాల్టర్ డిజైను ప్రకారం పోత ఇనుముతో కొత్తది లేపడం 1856లో మొదలైంది. పనికి పెద్ద మాంట్‌గొమరీ మెగ్స్ అనే సైనిక ఇంజనీరు. మొత్తం ఇనుము సుమారు 89 లక్షల పౌండ్లు. దూరానికి పాలరాయిలా కనిపిస్తుంది గానీ అది రంగు వేసిన ఇనుము. ఆ శిఖరం మీద నిలబెట్టాలని 'స్వేచ్ఛ' అనే స్త్రీమూర్తి విగ్రహం తలపెట్టారు, పందొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. శిల్పి థామస్ క్రాఫర్డ్ ఆమె తలకి పూర్వం రోములో విడుదలైన బానిసలు పెట్టుకునే టోపీ పెట్టాడు. అప్పటి యుద్ధమంత్రి జెఫర్సన్ డేవిస్ ఒప్పుకోలేదు. పుట్టుకతోనే స్వతంత్రులైన జనానికి బానిస టోపీ ఏమిటన్నాడు. టోపీ పోయి ఈకల శిరస్త్రాణం వచ్చింది. తరవాత అంతర్యుద్ధంలో బానిసత్వం నిలబెట్టాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకి ప్రెసిడెంటు అయినవాడు ఈ డేవిసే.

విగ్రహం ప్లాస్టర్ నమూనా రోము నుంచి అయిదు ముక్కలుగా వచ్చింది. ఒక ఇటాలియన్ పనివాడు దాన్ని అతుకులు కనబడకుండా జోడించాడు. కంచు పోతకి మళ్ళీ విడదీయమంటే, జీతం పెంచితేగానీ ముట్టుకోనని కూర్చున్నాడు. పోత పోసే కార్ఖానా యజమాని క్లార్క్ మిల్స్ దగ్గర ఫిలిప్ రీడ్ అనే బానిస ఉన్నాడు. విగ్రహం తలమీదున్న ఇనప కొక్కేనికి తాడు కట్టి, కప్పీ మీద మెల్లిగా పైకి లాగించాడు. బరువు పైకి అందుకునేసరికి అతుకుల దగ్గర సన్నటి గీతలు పడ్డాయి. ఎక్కడ విప్పాలో తెలిసిపోయింది. ఇంజనీరింగు కాలేజీలో నాలుగేళ్ళు చదివినా ఈ ఉపాయం అందరికీ తట్టదు. పోత పనిలో ఆదివారాలు కూడా కొలిమి దగ్గర కాపలా ఉన్నందుకు అతనికి రోజుకి డాలరుంపావు ఇచ్చారు. 33 ఆదివారాలకి 41 డాలర్ల 25 సెంట్లు. మిగతా ఆరురోజుల కూలీ యజమానికి. 1862 ఏప్రిల్ 16న వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దయింది. 1863 డిసెంబరు 2న, అంతర్యుద్ధం మధ్యలో, విగ్రహం తల శిఖరం మీదకి ఎక్కేనాటికి ఫిలిప్ రీడ్ స్వతంత్రుడు. అతను విడదీసిన ఆ ప్లాస్టర్ నమూనా ఇప్పుడు కేపిటల్ సందర్శకుల కేంద్రంలో ఉంది. 2008లో తెరిచిన ఆ హాలుకి 'విమోచన' అని అర్థం వచ్చే ఎమాన్సిపేషన్ హాల్ అని పేరు పెట్టారు. టూరు మొదలయ్యేది అక్కడే కనుక అందరూ దానిముందునుంచే నడుస్తారు. రీడ్ పేరు పిల్లలకి చెప్పండి.

వాషింగ్టన్ స్తంభం మీద సుమారు 150 అడుగుల ఎత్తులో రాయి రంగు మారుతుంది, గమనించే ఉంటారు. ఆ గీత వెనక వలసవచ్చినవాళ్ళకి సంబంధించిన కథ ఉంది. 1848లో చందాలతో పని మొదలైంది. రాష్ట్రాలూ, దేశాలూ లోపలి గోడలకి రాళ్ళు పంపాయి. చైనా, జపాన్, టర్కీల నుంచి వచ్చినవి ఇప్పటికీ ఉన్నాయి. రోము నుంచి పోప్ కూడా ఒక రాయి పంపాడు. అవి 'నో నథింగ్' పార్టీవాళ్ళ రోజులు. ఐర్లండ్, జర్మనీల నుంచి వచ్చే కాథలిక్కుల మీద ద్వేషమే వాళ్ళ సిద్ధాంతం. 1854 మార్చిలో ఒక రాత్రి ఆ పోప్ రాయి మాయమైంది. మరుసటి ఏడాది ఆ పార్టీవాళ్ళు స్తంభం సంఘాన్నే చేజిక్కించుకున్నారు. చందాలు ఆగిపోయాయి, కాంగ్రెసు ఇస్తానన్న రెండు లక్షల డాలర్లూ ఆగిపోయాయి. వాళ్ళు చేయించిన కాసింత పనీ నాసిరకం రాయితో చేశారు, తరవాత ఊడదీయాల్సొచ్చింది. పాతికేళ్ళు దేశరాజధాని నడిమధ్య మొండిగోడ నిలబడిపోయింది.

దాన్ని పూర్తిచేసినవాడు థామస్ కేసీ అనే సైనిక ఇంజనీరు. నా మటుకు నాకు ఈ ఊరు మొత్తంమీద గొప్పపని ఎవరికీ కనబడని ఆయన ఫౌండేషనే. పాత పునాది 80 అడుగుల చదరం, అంత బరువుకి చాలదు. పైన వేల టన్నుల రాయి నిలబడి ఉండగా, 1879, 80లలో కిందనుంచి కొద్దికొద్దిగా మట్టి తీస్తూ, తీసినచోట కాంక్రీటు నింపుతూ, పునాదిని 126 అడుగుల పైచిలుకు చదరానికి పెంచాడు. 1884 డిసెంబరు 6న 555 అడుగుల ఎత్తున శిఖరం పెట్టారు. కొనకి వంద ఔన్సుల అల్యూమినియం ముక్క. అప్పట్లో అది వెండితో సమానం. పైకెక్కించేముందు న్యూయార్కులో ఒక నగల దుకాణంలో ప్రదర్శనకి పెడితే, జనం దానిమీదనుంచి గెంతి, వాషింగ్టన్ స్తంభం కొన దాటామని చెప్పుకున్నారట! 2011 ఆగస్టులో భూకంపం వచ్చి పైభాగంలో రాళ్ళు పగిలాయి. ఇంజనీర్లు తాళ్ళకి వేలాడుతూ ఒక్కొక్క రాయీ పరీక్షించారు. పునాది మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ ఊళ్ళో ఆకాశహర్మ్యాలు లేకపోవడానికి కారణం కేపిటల్ కంటే ఎత్తు కట్టకూడదన్న రూలని అందరూ అంటారు. అది నిజం కాదు. 1894లో 'కైరో' అనే 164 అడుగుల అపార్టుమెంటు లేచేసరికి చుట్టుపక్కలవాళ్ళు భయపడ్డారు. 1910 చట్టం ప్రకారం వీధి వెడల్పుకి ఇరవై అడుగులు కలిపితే వచ్చేదే భవనం ఎత్తుకి హద్దు. లాంఫాన్ వీధులు వెడల్పుగా గీశాడు కాబట్టి సరిపోయింది. 1922 నాటి లింకన్ మెమోరియల్‌లో పందొమ్మిది అడుగుల లింకన్‌ని 28 పాలరాతి దిమ్మల నుంచి చెక్కినవాళ్ళు పిచిరిల్లి సోదరులు, ఇటలీ నుంచి వచ్చి న్యూయార్కులో స్థిరపడిన శిల్పుల కుటుంబం. పేరు మాత్రం నమూనా చేసిన డేనియల్ చెస్టర్ ఫ్రెంచిది. ఆ ప్రారంభోత్సవంలో నల్లవాళ్ళని విడిగా కూర్చోబెట్టారు.

ఆధునిక కట్టడాలంటే మనవాళ్ళకి అంత ఆసక్తి ఉండదు. "గాజూ, సిమెంటూ, ఇందులో చూసేదేముంది" అంటారు. అయితే ఈ దేశంలో మనలో చాలామంది మొదట అడుగుపెట్టిన కట్టడం అదే - డల్లస్ విమానాశ్రయం. ఫిన్లండ్‌లో పుట్టి పదమూడో ఏట వచ్చిన ఈరో సారినెన్ డిజైను, 1962లో తెరిచారు. అప్పటికి ఆయన పోయి ఏడాదయింది. రెండువైపులా బయటికి వాలిన కాంక్రీటు స్తంభాలు, వాటిమధ్య వేలాడదీసిన ఉక్కు తాళ్ళు, ఆ తాళ్ళమీద కప్పు. మన చీర ఉయ్యాల సూత్రమే. తాళ్ళు లోపలికి లాగుతాయి కనుక స్తంభాలు బయటికి వాలాలి, మరో దారి లేదు. అందం కోసం వాల్చారనుకుంటాం గానీ అది లెక్క. 1990లలో అదే పద్ధతిలో రెండు పక్కలా పెంచి, పొడవు ఇంచుమించు రెట్టింపు చేశారు. అతుకు ఎక్కడో పట్టుకోండి చూద్దాం.

మాల్ మీద నేషనల్ గ్యాలరీ తూర్పు భవనం ఐ.ఎం.పేది. చైనాలో పుట్టి 1935లో చదువుకోడానికి వచ్చినవాడు. స్థలం చూస్తే చిక్కుముడి - లాంఫాన్ పెన్సిల్వేనియా ఎవెన్యూని ఐమూలగా లాగడంతో మిగిలిన సమలంబ చతుర్భుజం. పే దాన్ని ఒక్క గీతతో రెండు త్రిభుజాలు చేశాడు. పెద్దది బొమ్మలకి, చిన్నది పండితులకి. పాత భవనానికి వాడిన టెనెసీ గులాబీరంగు పాలరాయే దీనికీ వాడారు. కత్తిలా మొనదేలిన ఒక మూల ఉంటుంది. 1978 నుంచీ వచ్చినవాళ్ళందరూ ముట్టుకుని ముట్టుకుని అక్కడ రాయి నల్లబడింది.

అన్నిటికన్నా పెద్ద గొడవ వియత్నాం స్మారకం మీద జరిగింది. 1981లో పోటీ పెడితే 1,421 డిజైన్లు వచ్చాయి. పేర్లు తీసేసి నంబర్లు మాత్రమే ఉంచారు. నెగ్గిన 1026 నంబరు ఎవరిదా అని చూస్తే మాయా లిన్, యేల్‌లో చదువుతున్న 21 ఏళ్ళ అమ్మాయి! చైనా నుంచి వచ్చిన తల్లిదండ్రులకి ఒహాయోలో పుట్టింది. క్లాసు పనిగా చేసిన డిజైను అది. క్లాసులో దానికి 'ఏ' గ్రేడు కూడా రాలేదు. (మార్కుల కోసం పిల్లల్ని సతాయించే మనం ఒక నిమిషం ఆగాల్సిన చోటు.) నేలని కోసినట్టు రెండు నల్లరాతి గోడలు, వాటిమీద చనిపోయినవాళ్ళ పేర్లు, అంతే. విగ్రహం లేదు, జెండా లేదు. మాజీ సైనికులు కొందరు మండిపడ్డారు. నలుపు సిగ్గుకి గుర్తన్నారు. ఆసియావాళ్ళతో చేసిన యుద్ధానికి ఆసియా పిల్ల స్మారకం కట్టడమేమిటని కూడా అన్నారు. ఆమె పుట్టింది ఒహాయోలో! కాంగ్రెసు కమిటీల ముందు ఆ అమ్మాయి తన డిజైనుని తనే సమర్థించుకుంది. చివరికి రాజీగా కొంచెం దూరంలో జెండా, ముగ్గురు సైనికుల విగ్రహం పెట్టారు. గోడ మాత్రం ఆమె గీసినట్టే నిలిచింది.

1982 నవంబరులో అంకితం చేశారు. ఆరునెలలు తిరగకుండానే తిట్టినవాళ్ళే అక్కడికి వచ్చి ఏడ్చారు. నేను చూసినప్పుడల్లా ఎవరో ఒకరు కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తమవాడి పేరు తీసుకెళుతూనే ఉంటారు. 58 వేలకి పైగా పేర్లు అక్షరక్రమంలో ఉండవు, పోయిన తేదీల వరసలో ఉంటాయి. రెండు గోడలు కలిసే మూల దగ్గర 1959లో మొదలై, తూర్పు కొసదాకా వెళ్ళి, మళ్ళీ పడమటి కొస నుంచి నడిచి 1975లో అదే మూలకి చేరతాయి. ఒక గోడ లింకన్ వైపు, రెండోది వాషింగ్టన్ స్తంభం వైపు చూపిస్తుంది. ఇక ఆ నల్లరాయి. కెనడాలో, స్వీడన్‌లో మంచి రాయి ఉంది. యుద్ధానికి పోకుండా తప్పించుకున్న కుర్రాళ్ళు ఆ దేశాలకి వెళ్ళారని వాటిని వద్దన్నారు. బెంగుళూరు నుంచి తెప్పించారు. చీమకుర్తి గనులున్న ఒంగోలువైపు వాళ్ళకి ఆ మెరుపు చెప్పక్కర్లేదు. అద్దంలా పాలిష్ పట్టిన ఆ రాతిలో చదివేవాడి ముఖం పేర్ల వెనక కనబడుతుంది. మన పక్కరాష్ట్రం రాయి ముందు నిలబడి ఫొటో తీసుకునేటప్పుడు ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

ప్రభుత్వ భవనాలు పాత గ్రీకు, రోమన్ పద్ధతిలో ఉండాలా, కొత్త పద్ధతిలోనా అన్న తగువు ఇంకా తెగలేదు. పాత పద్ధతికే పెద్దపీట వెయ్యాలని 2020 డిసెంబరులో ఒక ప్రెసిడెంటు ఉత్తర్వు ఇచ్చాడు, 2021లో తరవాతి ప్రెసిడెంటు రద్దుచేశాడు, 2025 ఆగస్టులో మొదటాయనే తిరిగొచ్చి మళ్ళీ ఇచ్చాడు. పాత పద్ధతి అని మనం అనుకునేదాన్ని ఇక్కడికి తెచ్చింది కూడా ఓడ దిగినవాళ్ళేనని ఆ ఉత్తర్వుల్లో ఉండదు.

ఈ మధ్యకాలపు కట్టడాల్లో తప్పక చూడవలసింది ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం, 2016 సెప్టెంబరు 24న తెరిచారు. నల్లజాతి మాజీ సైనికులు 1915లో మొదలెట్టిన ప్రయత్నం, నూరేళ్ళు పట్టింది. ముఖ్య డిజైనరు డేవిడ్ అజాయే టాంజానియాలో ఘనా తల్లిదండ్రులకి పుట్టి ఇంగ్లండులో పెరిగినవాడు. మూడంతస్తుల కిరీటంలాంటి ఆకారానికి 3,600 కంచురంగు పలకలు. వాటి అల్లిక దక్షిణాదిలో బానిస కమ్మరులు చేసిన ఇనప జాలీల నుంచి తీసుకున్నది. ఆ పలకల వాలు వాషింగ్టన్ స్తంభం కొన వాలుతో సరిపోతుంది. భవనంలో సగానికి పైగా నేలకింద ఉంది. పెద్దవాళ్ళతో వెళితే మూడుగంటలైనా చేతిలో ఉంచుకోండి, ప్రవేశం ఉచితం. ముందు కిందికే వెళ్ళండి. లిఫ్టు దిగుతుంటే అద్దంలోంచి ఎదుటి గోడమీద సంవత్సరాలు ఒక్కొక్కటే వెనక్కి వెళుతుంటాయి. పదిహేనో శతాబ్దం దగ్గర తలుపు తెరుచుకుంటుంది. అక్కణ్ణించి పైకి నడుచుకుంటూ రావాలి.